సంతకం నాది, బావగారూ

హలో… ఆఁ, నేనే బావగారూ, కృష్ణవేణిని. మీ తమ్ముడి ఫోనే. ఆయన బాల్కనీలో బట్టలు తీస్తున్నారు, మోగుతుంటే నేనెత్తాను.

…బాగున్నాం. మీరు?… అబుదాబిలో అంతా బాగేనా, అక్కయ్య ఎలా ఉన్నారు?… సరే.

…రేపటి సంగతేనా? అందుకే ఎత్తాను.

…లేదు, ఆయనకివ్వను. సంతకం పెట్టాల్సింది ఆయన కాదు కదా. తమ్ముడి కంపెనీవాళ్ళు బయట వ్యాపారం ఒప్పుకోరు, లైసెన్సు కృష్ణవేణి పేరు మీద తీద్దాం అన్నది మీరేగా. పేరూ నాదే, చెక్కుల మీద సంతకమూ నాదే. అయితే మాట కూడా నాతోనే.

…రావట్లేదు.

…అవునండీ, సరిగ్గానే విన్నారు. రేపు నోటరీ ఆఫీసుకి నేను రావట్లేదు. ఇక్కడ షార్జా రోలాలో ఆ హోటల్ మేం కొనట్లేదు.

…భయమా? భయమైతే ఆయన చేత చెప్పించేదాన్ని, ఒంట్లో బాగోలేదనో, సెలవు దొరకలేదనో. నేనే చెబుతున్నానంటే భయం లేకే.

…తెలుసు. ఫ్యామిలీ రెస్టారెంటు, ఏసీ హాలు, గోడల నిండా బొమ్మలు, పేరున్న బ్రాండు. 'కుంపటి కథలు'. అక్కడ కుంపటి లేదు బావగారూ. కథలే ఉన్నాయి. నేను చూశాను.

…ఆఁ, వెళ్ళాను. పోయిన శనివారం రాత్రి, మా పాప శ్రీజని తీసుకుని… ఎవరినడగాలి? మా ఇంటికి నాలుగు వీధుల అవతల భోజనం చెయ్యడానికి కూడా చెప్పి వెళ్ళాలా?

…లెక్కలు ఉండనివ్వండి, ముందు ఇది వినండి. శ్రీజ పుట్టినరోజని చెప్పి, వచ్చే శనివారం రాత్రికి హాలు మొత్తం కావాలన్నాను. వారం ముందు అలా అడిగితే ఏ హోటలువాడైనా ఏమంటాడు?

…అదే. కుదరదంటాడు, కావాలంటే ఓ మూల నాలుగు బల్లలు కలిపిస్తానంటాడు. ఈ మేనేజరు కనీసం కంప్యూటర్ వైపు కూడా చూడలేదు. 'ఏ శనివారం కావాలన్నా తీసుకోండమ్మా' అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

…ఎండాకాలం ఎక్కడిది? ఇది నవంబరు బావగారూ. జులై అయితే సగం షార్జా ఊళ్ళకి పోయిందని సరిపెట్టుకుందును. నవంబరులో శనివారం రాత్రి రోలాలో కాలు పెట్టడానికి చోటుండదు. ఎదురుగా ఉన్న మెస్సు ముందు జనం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. మన హోటల్లో నేనూ, శ్రీజా, ఏసీ.

…మార్కెటింగ్ లేక అంటారా. ఆ మాట బ్రాండువాళ్ళు చెప్పారా? ఇంకేం చెబుతారు, వాళ్ళ వంట బాగాలేదని వాళ్ళే చెప్పుకుంటారా?

…చదివాను. మీరు ఆయనకి పంపిన బ్రాండువాళ్ళ అగ్రిమెంటే, ఓనరు పేరు కొట్టేసి పంపినదే. ఆయన చివరి పేజీ చూశారు, నేను మొదటి నించీ చూశాను. బళ్ళో ఫీజుల లెక్కలు చూసుకునేదాన్ని, నాకు ఇవన్నీ ఏం తెలుస్తాయనుకున్నారు మీరు. రాయల్టీ అమ్మకాల మీద బావగారూ, లాభం మీద కాదు. మనకి మిగిలినా మిగలకపోయినా వాళ్ళ వాటా వాళ్ళకి వెళ్ళాల్సిందే. డెలివరీ యాప్‌లవాళ్ళు పట్టుకునేది వేరే. కూరలన్నీ వాళ్ళ సెంట్రల్ కిచెన్ నించి ప్యాకెట్లలో రావాలి, ధర వాళ్ళు చెప్పిందే. ఉప్పు చాలకపోతే ఇంత ఉప్పు వేసుకోవడానికి కూడా లేదు. అక్కడ వంటవాడికి గరిటెతో కన్నా కత్తెరతో పనెక్కువ.

…ఒప్పుకుంటాను, పేరు వాళ్ళది. ఆ పేరైనా మనకి ఎన్నాళ్ళు? వచ్చే ఏడాదితో గడువు అయిపోతోంది. మళ్ళీ రాయించుకోవాలంటే మళ్ళీ ఫీజు. పైగా కుర్చీల దగ్గర్నించి దీపాల దాకా వాళ్ళ కొత్త డిజైన్‌లోకి మార్చాలి, మన ఖర్చుతో. వాళ్ళే పక్క వీధిలో ఇంకోటి తెరుచుకోవచ్చు, మనం నోరెత్తకూడదు. ఇది మీకెవరూ చెప్పలేదా?

…చెప్పలేదూ. సరే.

…అద్దె సంగతి కూడా నేనే చెప్పనా. ఏడాదికి సరిపడా చెక్కులు ముందే రాసిచ్చెయ్యాలి. ఒక్కటి వెనక్కొచ్చినా కేసు ఎవరి మీద? కోర్టువాళ్ళు ప్రయాణం ఆపితే ఎయిర్‌పోర్టులో నిలబెట్టేది ఎవరిని? మీ తమ్ముణ్ణి కాదు, మిమ్మల్నీ కాదు.

…అలా జరగదని మీరెలా చెబుతారు?

…అదిగో, ఆ మాట. దుబాయ్ వచ్చినవాళ్ళంతా జీతాలకే పనిచేస్తే పైకెప్పుడొస్తారు అని. ఆ మాట మీరు అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. మంచి చీర కట్టుకుని కౌంటర్లో కూర్చున్నట్టు కూడా ఊహించుకున్నాను. నన్ను ఉద్యోగం మానెయ్యమన్నారు, ఆ వచ్చే గ్రాట్యుటీ కూడా పెట్టుబడిలో కలిపేశారు. శ్రీజ చదువుకని దాచింది కలిపేశారు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అలాంటి రోజొస్తే మా చేతిలో ఉండేది ఆ డబ్బు ఒక్కటే. దాన్ని తీసుకెళ్ళి ఆ ఖాళీ హాల్లో పెట్టమంటారు.

…ఆఁ, వీసా. ఇంకా ఆ మాట రాలేదేంటా అనుకుంటున్నాను.

…కాదనను. మీరు వీసా ఇప్పించబట్టే ఆయన ఇక్కడున్నారు, నేనిక్కడున్నాను. మీరు ఫోన్ చేస్తే మీ తమ్ముడు ఈ వయసులో కూడా లేచి నిలబడి మాట్లాడతారు. ఆ మర్యాద మీకు ఎప్పుడూ ఉంటుంది. నా సంతకం మాత్రం ఆ కిందికి రాదు.

…ఉండండి, ఒకటి అడుగుతాను. అమ్మేది ఎవరు?

…మలయాళీ ఆయన. సొంతూరికి వెళ్ళిపోతున్నాడు, అందుకే చౌకగా ఇస్తున్నాడు. సరే. ఆయన పేరు?… గుర్తులేదా. ఇంత బేరం చేశారు, పేరు గుర్తులేదా.

…వస్తున్నా, అక్కడికే వస్తున్నా. శ్రీజ ఆ పప్పు రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. ఆ మేనేజరు చూశాడు. జిలానీ బాషా అని, కడప అబ్బాయి. మేం తెలుగులో మాట్లాడుకోవడం విన్నాడేమో, 'ఉండండమ్మా' అని లోపలికెళ్ళి చిన్న గిన్నెలో పచ్చడి తెచ్చాడు. హోటలుది కాదట, స్టాఫు తినడానికి దాచుకున్నదట. గోంగూర పచ్చడి. ఒక్క ముద్ద కలుపుకున్నాను, బావగారూ… అక్కడితో ఆపేశాను.

…ఎందుకేంటి. వెల్లుల్లి పొట్టుతోనే దంచేసి, మెంతులు కావాలని కాస్త మాడనిచ్చి చేసేవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాడు వాసన చూసి నేనే నవ్వాను. తర్వాత అది లేకపోతే నాకే అన్నం దిగేది కాదు. అది అక్కయ్య చెయ్యి.

…చేస్తారు, గోంగూర అందరూ చేస్తారు. అందుకే నేనేమీ అనుకోకుండా ఆ అబ్బాయినే అడిగాను. 'మా ఓనరమ్మ అబుదాబి నించి పంపిస్తారమ్మా, ఈ ప్యాకెట్ల తిండి మావల్ల కావట్లేదంటే పాపం సీసాలకి సీసాలు పంపిస్తారు, ఉమాదేవి మేడమ్' అన్నాడు.

…

ఫోన్ పెట్టెయ్యకండి.

…మలయాళీ ఆయన మా ఉమాదేవి అక్కయ్య ఎప్పుడయ్యాడు, బావగారూ?

…ఆ అబ్బాయిని ఏమీ అనకండి. పచ్చడి పెట్టడం తప్ప అతను చేసిందేమీ లేదు.

…ఎప్పటి నించి?… కరోనా తగ్గిన దగ్గర్నించా. అప్పటి నించీ మీదేనా. మాకు చెప్పలేదు… ఆఁ… లాభాలు వచ్చాక చెబుదామని. రాలేదు. సరే, అంతవరకూ నాకర్థమైంది. మీ ఉద్యోగంలోనూ వ్యాపారం చెయ్యకూడదు కాబట్టి అక్కయ్య పేరు పెట్టారు, అదీ అర్థమైంది. ఆ తర్వాతదే అర్థం కావట్లేదు. మునిగిపోతోందని తెలిసే కదా మాకు కట్టబెడుతున్నారు.

…లేదు, మాటలు మార్చకండి. 'ఇరుక్కుపోయానురా' అని ఒక్క మాట అని ఉంటే, మీ తమ్ముడు వేలికున్న ఉంగరం దాకా తీసి ఇచ్చేవారు. నేనూ అడ్డుపడేదాన్ని కాదు. మీరు అడగడానికి రాలేదు బావగారూ. అమ్మడానికొచ్చారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

…అరవండి. అరిచినా పెట్టను.

…ఆయన పెట్టమన్నా పెట్టను. నిన్న చెప్పాను ఆయనకి, ఈ పచ్చడి సంగతంతా. 'అన్నయ్య అలా చెయ్యడు, నువ్వేదో పొరబడ్డావు' అన్నారు. అని అన్నం తినకుండా లేచిపోయారు. అందుకే ఇవాళ మీ ఫోన్ ఆయన దాకా వెళ్ళనివ్వలేదు. మీరు మళ్ళీ ఏదో చెబుతారు, ఆయన మళ్ళీ నమ్ముతారు.

…పరువా. మీ పరువుకి మా శ్రీజ చదువు ఖరీదా?

…రాకపోకలు ఉండవంటే ఉండవు, మీ ఇష్టం. పండక్కి పిలవకండి. నేను మాత్రం పిలుస్తాను, వస్తే రండి.

…ఒకటి చెప్పండి. అక్కయ్యకి తెలుసా, కొంటున్నది మేమని?

…బావగారూ, తెలుసా అని అడిగాను.

…తెలియదు. అనుకున్నాను. తెలిస్తే ఆవిడ ఒప్పుకోరు. అందుకే రేపు ఆవిడ బదులు మీరే సంతకం పెట్టేవారు, అరబీ కాగితంలో పేరు నేను చదవలేనని. ఇప్పుడున్న చెక్కుల మీద సంతకాలు ఆవిడవే కదా. రేపు నేను సంతకం పెడితే ఆవిడ బయటపడతారు, నేను అందులో పడతాను. ఒక కోడలు ఒడ్డుకి రావాలంటే ఇంకో కోడలు నీళ్ళలోకి దిగాలి. అన్నదమ్ములిద్దరూ ఒడ్డునే ఉంటారు. బాగుంది.

…హలో? ఏంటా చప్పుడు?… హలో, ఎవరు?

…అక్కయ్యా? మీరా?

…ఆయన అరుపులు విని వచ్చారా. ఏ మాట దగ్గర్నించి విన్నారు?… ఓహో. అయితే ముఖ్యమైనదంతా విన్నారు.

…అవునక్కయ్యా. మేమే. రేపు కొనబోయేది మేమే.

…మీతో కొనేది ఎవరని చెప్పారు?… తమిళ ఆయన అనా. మాకేమో అమ్మేది మలయాళీ ఆయన అని చెప్పారు. దక్షిణాది మొత్తం వాడేసుకున్నారు.

…లేదు, నవ్వట్లేదు. ఏడవకండి. మీరు ఏడిస్తే నేను గట్టిగా మాట్లాడలేను… మంచినీళ్ళు తాగండి. ఉంటాను, తాగి రండి.

…ఆఁ, చెప్పండి.

…ఏంటి?… మళ్ళీ చెప్పండి.

…పెట్టొద్దంటున్నారా. సంతకం. మీరే అంటున్నారా.

…నేను పెట్టకపోతే అదంతా మీ మీదే ఉండిపోతుందక్కయ్యా. వచ్చే నెల చెక్కు ఉంది… తెలిసే అంటున్నారా.

…

…సరే. పెట్టను. మీరు చెప్పకపోయినా పెట్టేదాన్ని కాదు, ఆ మాట మీ దగ్గర దాచను. కానీ మీ నోటి నించి వినడం వేరు.

…రేపు వస్తాను. నోటరీ దగ్గరికి కాదు. సెలవు ఎలాగూ పెట్టాను. మీరు పొద్దున్నే బస్సెక్కి షార్జా వచ్చెయ్యండి, మనిద్దరం ఆ బిల్డింగు అద్దెలు చూసే ముదీర్ దగ్గరికి వెళ్దాం. ఖాళీ చేస్తాం, మిగిలిన చెక్కులు తిరిగివ్వమని అడుగుదాం.

…తిడతాడు. తిట్టనివ్వండి. కొంత పట్టుకుని మిగతా వదులుతాడు, ఎంత అన్నది కూర్చుంటేనే తెలుస్తుంది. వీధిలోకి కొత్తగా వచ్చేవాళ్ళుంటే వాళ్ళ అద్దె మీద కూడా ఆశ ఉంటుంది కదా అతనికి. బల్లలూ ఫ్రిజ్‌లూ కొనేవాళ్ళు రోలాలో ఉన్నారు. ముందు మాత్రం ఆ కుర్రాళ్ళ జీతాలు, వీసాలు తేల్చాలి, జిలానీకి ఎక్కడైనా పని చూడాలి. నష్టం వస్తుంది అక్కయ్యా, రాదని నేను చెప్పను. కానీ ఇంకొకళ్ళ నెత్తిన పెట్టకుండా, మనమే షట్టరు దించేద్దాం. ఖలాస్.

…డబ్బు సంగతి రేపు మాట్లాడుకుందాం. మా దగ్గర ఎంతుందో, మీకెంత తగ్గుతోందో చూద్దాం. కొనమంటే కొనను గానీ, చేబదులు ఇవ్వనని ఎవరన్నారు.

…వద్దంటే ఊరుకోను. 'నిన్నెందుకు లాగడం' అంటారేంటి, మీరు లాగలేదు, లాగింది వేరేవాళ్ళు. నేను నా అంతట నేను వస్తున్నాను.

…వెనకాల ఎవరు, బావగారా? ఏమంటున్నారు?… గడప దాటితే ఊరుకోనంటున్నారా.

…అక్కయ్యా, ఇటు వినండి. ఫోన్ ఆయనకివ్వకండి. తొమ్మిదింటికల్లా షార్జా బస్టాండులో ఉంటాను, మీరు దిగేదాకా కదలను.

…వస్తారా?… గట్టిగా చెప్పండి, ఆయన అరుపుల్లో వినపడట్లేదు… ఆఁ, వస్తానన్నారు, విన్నాను.

…హలో?

…అక్కయ్యా?… హలో?

…

ఏవండీ, ఆ బట్టలు అక్కడ పెట్టి ఇలా రండి… అక్కయ్య ఫోన్ పెట్టేశారు. వస్తానని చెప్పి, మీ అన్నయ్య మాట్లాడుతుండగానే పెట్టేశారు.