కొండమీది ఇంటికి వీలునామా

చిలీ దేశంలోని వల్పరైసో నగరంలో పేదలకు ఉచితంగా దావాలు చూసిపెట్టే ఆఫీసు అది. బట్టలు కుట్టి బతికిన ఎనభై ఏళ్ల ముసలామె వచ్చి, లాయరమ్మ ఎదురుగా కూర్చుంది.

"గుర్తుపట్టావా అమ్మాయ్?"

"మీరు నా మొదటి కేసు పెద్దమ్మా! అప్పటికి నా చదువు కూడా పూర్తికాలేదు."

"జడ్జి ముందు గజగజ వణికావు. కొండమీది నా ఇల్లు పోయినట్టే అనుకున్నా."

"మీరేమో కోర్టులోనే 'గట్టిగా చెప్పవే!' అని అరిచారు."

"చెప్పావుగా, ఇల్లు నిలిచింది! ఆ సాయంత్రం మా ఇంట్లో ఎన్ని ఎంపనాడాలు తిన్నావో!"

"ఏడు. ఆ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు."

లాయరమ్మకు ఆ వేడి వంటగది, మాంసం కూరి కాల్చిన ఆ కజ్జికాయల వాసన, రేకుల మీద వాన చప్పుడు గుర్తొచ్చాయి.

"ఇప్పుడెవరు ఖాళీ చేయమంటున్నారు?"

"ఎవరూ అనట్లేదు. వీలునామా రాయించాలి. హైతీ నుంచి వచ్చిన మిర్లాండ్, తన కూతురితో మా వెనకగదిలో ఉంటోంది. నేను పోతే మా అన్న కొడుకులు వాళ్లని గెంటేస్తారు."

"ఇల్లు ఆమెకే రాస్తారా?"

"నాకు పిల్లల్లేరు. మిర్లాండ్ రోజూ నాకు తల దువ్వుతుంది."

"ఆమెకు చెప్పారా?"

"చెప్తే ఒప్పుకోదు."

"సరే, ఇంటిపేరుతో సహా ఆమె పేరు చెప్పండి."

"ఇంటిపేరా? ఇన్నేళ్లలో అడగాలని తోచనేలేదమ్మాయ్! రేపు ఏదో వంక పెట్టి కనుక్కొస్తాను."