టంకం గాజుల గుట్ట

"పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి ఒక తట్టెడు గాజులకు టంకం పెట్టేశాను, అంతే. అందులో గొప్పేముంది?" అన్నాడు దైవాధీనం, కొండమ్మ టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని.

గొప్పేమీ లేదన్నవాడు అక్కడితో ఆగడని పక్కన కూర్చున్న సుందరరాజుకు తెలుసు. చిలకలపూడిలో ఇద్దరిదీ ఒకే గిల్టునగల కార్ఖానాలో పని. దైవాధీనం టంకం పెట్టిన గాజు సుందరరాజు దగ్గరికి మెరుగుకు రావాలి. ఆ మెరుగు పడితేనే గాజు, లేకపోతే వట్టి తీగచుట్ట.

సుందరరాజు చూపంతా ఎదుటి కార్ఖానా గుమ్మం మీదే ఉంది. లోపల యజమాని పూర్ణచంద్రరావుగారు బెజవాడ షావుకారుకి సరుకు చూపిస్తున్నారు. ఆయన కొంటే కార్ఖానా నిలుస్తుంది, కొనకపోతే ఇవాళే తాళం. బయట షావుకారు జట్కా ఆగి ఉంది.

"సుందరం తట్ట ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆపవోయ్ అన్నారు రావుగారు," అందుకున్నాడు దైవాధీనం. "ఆపుదామనే చూశా, ఈ చెయ్యి వింటేనా? వాడొక గాజు తోమేలోగా నావి తట్ట నిండి పొర్లిపోయాయి, తట్టలు చాలక గోనెలు, గోనెలు చాలక నేల మీద గుట్ట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ మూసుకుపోయింది. వీణ్ణి గుట్టలోంచి జుట్టు పట్టుకుని లాగాం."

"బతికాడా మావయ్యా?" అన్నాడు రిక్షా విల్సన్.

"నీ పక్కన టీ తాగుతున్నదెవర్రా మరి?"

సుందరరాజు నవ్వాడు గానీ నవ్వు మూతి దాటలేదు. లోపలున్నవన్నీ మెరుగు పడకముందే గుట్టపడి ఉప్పుగాలికి చిలుం పట్టిన గాజులే. ఒక్కోదాన్నీ మళ్ళీ చింతపండుతో తోమితే గాని మెరుగు ఎక్కదు. వేళ్ళు పుళ్ళు పడేలా తోమినా, షావుకారుకి చూపించేందుకు దోసెడు కూడా తేలలేదు.

"అక్కణ్ణుంచి కార్ఖానా కప్పు పెంకులు లేచిపోయాయి. ఆ తళుకుకి గుడివాడలో రైలు ఆగింది."

"మెరుగు పెట్టందే తళుకెక్కడిది నాయనా?" అంది కొండమ్మ.

"అది నా టంకం తళుకు పిన్నీ. దివిసీమ పల్లెవాళ్ళు తెల్లారిందనుకుని వలలు భుజానేసుకున్నారు. సముద్రంలో ఓడలైతే, బందరుకి కొత్త లైట్‌హౌసు కట్టారనుకుని వరసగా నిలబడిపోయాయి. కప్తానులు దిగొచ్చి, ఏదీ ఆ చెయ్యి, ఒక్కసారి చూపించండి అని..."

షావుకారు బయటికొచ్చాడు. చేతిసంచి ఎలా తెచ్చాడో అలాగే ఖాళీగా ఉంది. జట్కా ఎక్కాడు. రావుగారు గుమ్మంలో నిలబడి కాసేపు లోపలికే చూసి, తలుపు దగ్గరికి లాగారు.

జట్కా టీకొట్టు ముందునుంచే వెళ్ళింది. దైవాధీనం అటు తల తిప్పలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు. "ఇంకో రెండు ఓడలు..."

సుందరరాజు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్ని ఓడలు ఆపావు బావా," అన్నాడు మెల్లగా. "ఆ ఒక్క జట్కా ఆపలేకపోయావు."