బాల్కనీలో ఉన్నవాళ్ళు

ఆదివారం పొద్దున్న, చర్చి మందిరంలో వేదిక పక్కన పాటల పుస్తకాలు పెట్టే చిన్న గది. అవతల హాలు జనంతో నిండుతోంది. గదిలో ఇద్దరే ఉన్నారు: పాటలు నడిపించే అక్క, తాపీమేస్త్రీ తమ్ముడు.

“కుదరదంటే కుదరదు. మూడు నెలలు నేర్పించిన పాట. ఇవాళ పొద్దున్నే వచ్చి మార్చెయ్యమంటే మార్చేస్తానా?”

“పాట మార్చమనట్లేదక్కా. ఆ చప్పట్లు, ఆ గెంతడం... అది వద్దంటున్నా. మెల్లగా ఉండేది ఏదైనా పెట్టు. కూర్చుని పాడుకునేది.”

“కూర్చుని పాడుకోడానికి మూడు సంఘాల వాళ్ళని పిలిచామా? పాటల పుస్తకం ఎర్రట్టదా నీలం అట్టదా అని కొట్టుకుని, ఒక్క సంఘం మూడు ముక్కలైంది. ఏడేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదురా. ఇవాళ ఒకే పాట, ఒకే తాళం, అందరి అడుగూ ఒక్కసారే పడాలి. దానికోసమే కదా నా గొంతు ఇలా బొంగురుపోయింది.”

“అదే... అడుగు ఒక్కసారే పడకూడదంటున్నా.”

“ఏంటీ?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఆ మొహమేంటి? నీ భక్తి నాకు తెలీదా? ప్రసంగం మొదలవగానే చివరి బెంచీలో కునుకు తీసే మనిషివి. ఇవాళ నాకు పాటల మీద సలహాలా?”

“ఈమధ్య కునుకు పట్టట్లేదక్కా.”

“ఎందుకని?”

“పైకి చూస్తూ కూర్చుంటున్నా.”

“దేవుడి వైపా?”

“బాల్కనీ వైపు.”

“దానికేం? మొన్ననేగా రంగేశావు.”

“రెండుసార్లేశాను.”

“రెండోసారి ఎందుకు?”

“బావుంటుందని.”

“ఒరేయ్, చిన్నప్పుడు అబద్ధమాడితే చెవి గోక్కునేవాడివి. ఇప్పుడూ అదే పని చేస్తున్నావు. ఇంతకీ పాప ఏది? బాల్కనీలో ముందు వరస దానిదేగా? నేనే నిలబెట్టాను.”

“జ్వరం.”

“ఎంతుంది?”

“ఉంది.”

“పొద్దున్న పాలకి వెళ్తూ చూశాను. మీ వాకిట్లో తాడాట ఆడుతోంది. నన్ను చూసి ‘అత్తా, నాన్న నన్ను రావొద్దన్నాడు’ అని ఏడుపు మొహం పెట్టింది. ఏదో అల్లరి చేసుంటుందిలే అనుకున్నా.”

“టైమవుతోందక్కా, నువ్వు వేదిక మీదికి పద.”

“నీ కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టావు. ఊళ్ళోవాళ్ళ పిల్లలు పైన ఉన్నారు. చెప్పు.”

“చెప్తా. తలుపు వెయ్యి.”

“వేశాను. చెప్పు.”

“పగులుంది.”

“ఎక్కడ?”

“బాల్కనీ అడుగున. దాని కిందున్న పిల్లరు తీసేశామే, ఆ చోట. మొదట్లో వెంట్రుకంత ఉండేది. పుట్టీ పెట్టి రంగేశా. నెల తిరక్కుండా మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ పూశా. ఇప్పుడు పుట్టీ పట్టట్లేదక్కా. వేలు దూరిపోతోంది. అందుకే దాని మీద బ్యానరు కట్టించా.”

“ఏ బ్యానరు? ‘మనమంతా ఒక్కటే’ అని రాయించిన బ్యానరా?”

“అదే.”

“ఓరి దేవుడా. ఊడ్చే పెద్దమ్మ మొత్తుకుంటూనే ఉంది. సోమవారం సోమవారం చివరి బెంచీ మీద తెల్లటి పొడి పడుతోందమ్మా అని. సున్నం రాలుతోందిలే, తుడిచెయ్ అన్నాను.”

“సున్నం కాదక్కా. మనం పాడిన ప్రతి ఆదివారం కొంచెం కొంచెం రాలుతోంది.”

“కూర్చుంటే పడదా?”

“ఇన్నాళ్ళూ పడలేదు. ఎవరికి తోచినట్టు వాళ్ళు గెంతితే కూడా ఆగుతుందేమో. అందరూ ఒకే తాళానికి ఒక్కసారి కాలేస్తే మాత్రం ఆగదు. రెండొందల మంది కలిసి ఒక్క మనిషైపోతారక్కా. ఆ ఒక్క మనిషి అడుగుని అది మొయ్యలేదు.”

“అంటే నేను మూడు నెలలుగా నేర్పిస్తున్నది...”

“అదే.”

“ఇంజనీరు వచ్చి చూశాడన్నారుగా సంఘ పెద్దలు?”

“చూశాడని పెద్దలకి చెప్పింది నేను.”

“చూడలేదా?”

“ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం కదా, పైన బీము లావుగానే ఉంది కదా, ఆపుకుంటుందిలే అనుకున్నా.”

“ఎవరు తియ్యమన్నారు నిన్ను?”

“ఎవరైతే ఏంటి. తీసింది నేను.”

“నీ అంతట నువ్వు తీసే మనిషివి కాదు. గోడకి మేకు కొట్టాలన్నా పదిమందిని అడుగుతావు. పెద్దల్లో ఎవరైనానా? పాస్టరుగారా?”

“వదిలెయ్యక్కా.”

“ఆ పిల్లరు తీసేసిన వారమే నేను సాక్ష్యం కూడా చెప్పాను. ‘నాకూ పిల్లలకీ మధ్య ఉన్న అడ్డుని దేవుడు తీసేశాడు’ అని. అందరూ స్తోత్రం అన్నారు. నువ్వూ అన్నావు.”

“అన్నాను.”

“నాలుగు నెలలుగా ఏం చేస్తున్నావురా మరి?”

“ప్రార్థన.”

“దేనికి?”

“పడకూడదని. రోజూ తెల్లారి లేచి అదే ప్రార్థన. కావాలంటే నా మోకాళ్ళు చూడు, కాయలు కాశాయి.”

“ఆ మోకాళ్ళతో లేచి పెద్దల ఇంటిదాకా నడవలేకపోయావా? నాలుగు జాకీలు తెచ్చి కింద నిలబెట్టలేకపోయావా? దేవుణ్ణి తీసుకెళ్ళి ఆ బీము కింద నిలబెట్టి, నువ్వు పుట్టీ పూస్తూ కూర్చున్నావు. అది ప్రార్థనా?”

“భయమేసిందక్కా.”

“నాకూ వేస్తోంది. ఎవరది తలుపు కొడుతున్నది?”

“నేనమ్మా, పాస్టర్ని. పాటలమ్మా, తలుపెందుకు వేసుకున్నారు? టైమైపోయింది. డ్రమ్ములబ్బాయి మొదలుపెట్టేస్తానంటున్నాడు.”

“వద్దనండి! ముందు లోపలికి రండి. పాస్టరుగారూ, బాల్కనీ పడిపోయేలా ఉంది.”

“ప్రభువా! ఎవరన్నారు?”

“పిల్లరు తీసినవాడే అంటున్నాడు. ఇదిగో, నా తమ్ముడు.”

“మేస్త్రీ, నిజమా?”

“నిజమేనండి. ఇంజనీరు చూశాడని చెప్పింది అబద్ధమండి. ఇవాళ ఎక్కినంత జనం ఎప్పుడూ ఎక్కలేదండి.”

“పైన రెండొందల మంది. దాని కింద బెంచీల్లో ఇంకో వంద. మెట్లదారి ఒక్కటే. అమ్మా, మైకులో ఈ మాటంటే మెట్ల మీదే తొక్కుకుని చచ్చిపోతారు.”

“అందుకే అనను.”

“పోనీ ఏదో ఒకటి చెప్పి కూటం ఆపేద్దామా? ఏడేళ్ళకి ఒక్కచోట కూర్చున్నారమ్మా. ఇవాళ లేచి వెళ్ళిపోతే మళ్ళీ రారు.”

“బతికుంటే వస్తారు పాస్టరుగారూ. ఆ మైకు ఇలా ఇవ్వండి. మీరు వెనక్కి వెళ్ళి, బాల్కనీ కింద కూర్చున్నవాళ్ళని ముందుకి పంపండి. నవ్వుతూ పంపండి. మీ మొహం చూస్తే మీరే అందర్నీ బెదరగొట్టేలా ఉన్నారు.”

“నవ్వాలా? సరే... సరేనమ్మా.”

“తమ్ముడూ, నువ్వు నా పక్కనే ఉండు. వేదిక దగ్గర ప్రమాదం లేదుగా?”

“లేదు. ఇది వేరే స్లాబు. దానికీ దీనికీ సంబంధం లేదు.”

“నిజమేనా? చెవి మీద చెయ్యి తియ్యి.”

“నిజమక్కా. పాప మీద ఒట్టు.”

“పద.”

“సంఘమా, అందరికీ వందనాలు! మూడు సంఘాలు వచ్చాయన్నారు. నాకైతే ఒక్కటే కనబడుతోంది. ఇవాళ పాటతో మొదలుపెట్టట్లేదు. ప్రార్థనతో మొదలుపెడదాం. డ్రమ్ములు వద్దు నాన్నా, ఆ కర్రలు కింద పెట్టెయ్. చప్పట్లు కూడా వద్దు. బాల్కనీలో ఉన్నవాళ్ళు వరస తర్వాత వరస కిందికి దిగి, ఇక్కడ వేదిక ముందు మోకరించాలి. మాటలొద్దు, పరుగులొద్దు. అడుగులు కలపొద్దు. ఎవరి నడక వాళ్ళు నడవండి.”

“మెట్ల దగ్గరి వరస ముందక్కా. అప్పుడే దారి ఖాళీ అవుతుంది.”

“మెట్ల దగ్గరి వరస, మీరు ముందు రండి. మిగతావాళ్ళు కూర్చోండి. మీ వంతు వస్తుంది.”

“పాటలమ్మా! ఇదేం పద్ధతి? మేం పైనుంచి చేస్తే దేవుడికి వినబడదా? పైన చోటు కోసం పొద్దున్నే వచ్చాం!”

“ఎవరది, గళ్ళ చొక్కా అన్నయ్యా? వినబడుతుంది అన్నయ్యా, దేవుడికి ఎక్కణ్ణించైనా వినబడుతుంది. మీ మొహాలు దగ్గర్నుంచి చూడాలని నాకే ఉంది. ఏడేళ్ళైంది కదా. చెల్లెలి మాట కాదంటారా?”

“అలా అడిగితే ఎలా కాదంటాం! దిగండ్రా, దిగండి.”

“మెల్లగా అన్నయ్యా. మెల్లగా.”

“అక్కా, బ్యానరు కదులుతోంది.”

“గాలికేమోరా.”

“ఫ్యాన్లు ఆపించాను.”

“ఎంతమంది ఉన్నారింకా?”

“సగం.”

“ప్రార్థన మొదలుపెడదాం. దిగినవాళ్ళూ, కింద ఉన్నవాళ్ళూ అందరూ మోకరించి కళ్ళు మూసుకోండి. పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకోండి. ఎర్రట్టవాళ్ళయినా, నీలం అట్టవాళ్ళయినా. ప్రభువా, మేం మాట్లాడకుండా ఉన్నప్పుడు కూడా మా మాట వినే తండ్రీ, ఈ మెట్లు దిగే ప్రతి కాలునీ నువ్వు పట్టుకో. పైనున్న పిల్లల్ని పట్టుకో. కిందికి చేర్చు. ఒక్కొక్కళ్ళనీ చేర్చు...”

“ఏంటా చప్పుడు?”

“కళ్ళు తెరవొద్దు! ఎవరూ వెనక్కి చూడొద్దు. నా మాట వినండి, నా మాటే వినండి. తమ్ముడూ, ఏంటది?”

“లోపల కడ్డీ సాగినట్టుంది. పైన ఇంకా రెండు వరసలున్నాయి.”

“మూడో బెంచీ తాతగారేంటి, వెనక్కి వెళ్తున్నారు?”

“చేతికర్ర మర్చిపోయాడట.”

“తాతగారూ! కర్ర మేం తెచ్చిస్తాం. గళ్ళ చొక్కా అన్నయ్యా, ఆయన్ని మీ భుజం పట్టుకోనివ్వండి. అదీ. అలా రండి.”

“ఒక్క వరస.”

“...చేర్చు ప్రభువా. చేర్చు.”

“నలుగురు. ఇద్దరు. అక్కా, అయిపోయింది. పైన ఎవరూ లేరు.”

“దాని కింద?”

“పాస్టరుగారు చెయ్యి ఊపుతున్నారు. కిందా లేరు.”

“ఏడుస్తున్నావా?”

“లేదు... అక్కా, బ్యానరు! తాళ్ళు తెగిపోతున్నాయి!”

“అమ్మో! అదేంటి! ఆ పగులేంటి! చెయ్యి పడుతుంది దాన్లో! పెళ్ళలు రాలుతున్నాయి!”

“లేవకండి! ఎవరూ లేవకండి! మీ మీదికేం రాదు. ఆ దుమ్ము ఇక్కడిదాకా రాదు. పిల్లల్ని ఒళ్ళోకి లాక్కోండి. మోకాళ్ళ మీదే ఉండండి. పాస్టరుగారూ, వెనక తలుపు మూయించి ముందుకి వచ్చెయ్యండి.”

“వచ్చానమ్మా. అందరూ ఇక్కడే ఉన్నారు. ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఆ మైకు ఒక్కసారి... సంఘమా! మనమంతా పైనే ఉండి పాడి ఉంటే ఏమయ్యేదో కళ్ళారా చూడండి! దేవుడు మన సహోదరితో మాట్లాడాడు! దర్శనమిచ్చాడు! స్తోత్రం చెప్పండి!”

“స్తోత్రం! స్తోత్రం!”

“ఆపండి. పాస్టరుగారూ, మైకు ఇలా ఇవ్వండి. నాకే దర్శనమూ రాలేదు సంఘమా. రాని దర్శనానికి స్తోత్రాలు తీసుకుంటే నాకు పుట్టగతులుండవు. నా తమ్ముడు చెప్పాడు కాబట్టి తెలిసింది. ఆ పిల్లరు తీసింది వాడు. ఇంజనీరు చూశాడని అబద్ధమాడింది వాడు. పగులు మీద రంగేసి, నాలుగు నెలలు నోరు మూసుకుంది వాడు. సొంత తమ్ముడని దాచను. ఇదిగో, నా కాళ్ళ దగ్గరే మోకరించి ఉన్నాడు.”

“అమ్మా, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు? తర్వాత పెద్దలతో కూర్చుని...”

“ఇప్పుడే పాస్టరుగారూ. తర్వాత అంటే మళ్ళీ పుట్టీ పూస్తాం. సంఘమా, వీడు పిరికివాడు. వీడి అంతట వీడు ఆ పని చెయ్యడు. వెనక ఎవరో ఉన్నారు. తియ్యమని చెప్పి, అది మొయ్యగలదా అని ఒక్క ముక్క అడగని మనిషి ఒకరున్నారు. పేరు వీడు చెప్పట్లేదు. పెద్దలైనా సరే, పాస్టరుగారైనా సరే...”

“నేను కాదమ్మా! ఇదిగో, నేనూ మోకరిస్తున్నా.”

“...ఆ మనిషి లేచి నిలబడాలి. మిగతావాళ్ళు ఎవరూ మోకాళ్ళు కదపొద్దు. ఆ మనిషి అందరి ముందూ నిలబడేదాకా ఈ మందిరంలో పాట లేదు, స్తుతి లేదు. పిల్లల్ని చావు అంచున నిలబెట్టి, తర్వాత ఒక్కటైపోయామని పాడుకునే మొహాలు కావు మనవి. లేవండి. నేను చూస్తున్నాను.”

“అక్కా.”

“ఉండు. ఎవరూ లేవట్లేదు. చూశావా, ఇంత జరిగినా ఒక్కళ్ళూ లేవట్లేదు.”

“మైకు పక్కన పెట్టక్కా.”

“ఎందుకు?”

“పెట్టు. ఇది వాళ్ళకి వినబడకూడదు.”

“పెట్టాను. చెప్పు, ఎవరు?”

“ఐదు నెలల కింద, మా ఇంట్లో, అన్నాల దగ్గర. కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. బాల్కనీ కింద ఆ పిల్లరు వెనకున్న పిల్లలకి నీ చెయ్యి కనబడట్లేదు, తాళం తప్పుతున్నారు, ఒక్కటవ్వట్లేదు అని. ‘దేవుణ్ణి అడిగీ అడిగీ అలిసిపోయాను, నువ్వు మేస్త్రీవి కదరా, అక్క కోసం ఆ ఒక్క పిల్లరు తియ్యలేవా’ అన్నావు.”

“అది... ఏదో బాధలో అన్న మాటరా. అన్నాల దగ్గర అన్న మాట. నువ్వు నిజంగా...”

“నువ్వెప్పుడూ నన్నేదీ అడగలేదక్కా. అదొక్కటే అడిగావు.”

“నాకెందుకు చెప్పలేదురా? నేను సాక్ష్యం చెప్తుంటే ఎందుకు ఆపలేదు?”

“ఎంత సంతోషంగా ఉన్నావో అప్పుడు.”

“అయితే వీళ్ళు... వీళ్ళంతా ఇప్పుడు...”

“ఎవరూ లేవరక్కా. అందరూ మోకాళ్ళ మీదే ఉన్నారు. ఇంతసేపటి నుంచీ నిలబడి ఉన్నది నువ్వొక్కదానివే.”