ఎనిమిది సెంటీమీటర్ల సాలు

మొలవదనుకున్న సాలు మొలిచింది! మే నెలలో సెలవు ముగిసిన ఉదయం, గన్నవరం దగ్గరి మా ఉద్యాన క్షేత్రంలో, మునగ గింజల్ని ఎనిమిది సెంటీమీటర్ల లోతున వేసిన, అప్పటిదాకా బోసిగా ఉన్న సాలు నిండుగా పచ్చబడి ఉంది. మేమంతా సంబరపడ్డాం. మా అధికారి నాగవేణి గారు మాత్రం సాలు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

శ్రీమతి నాగవేణి గారు 1989 జులై 10న అవనిగడ్డలో ఉద్యాన సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు. సైకిలు మీద ఏటి లంకల్లోని అరటి తోటలన్నీ తిరిగారు. తర్వాత నూజివీడు మామిడి తోటల్లో పుష్కరకాలం పనిచేసి, పదోన్నతిపై మా క్షేత్రానికి వచ్చారు. గవర్నర్‌పేట పెద్దాఫీసులో జరిగే సమీక్షలకు కూడా చీర అంచున మట్టితోనే హాజరయ్యేవారు. సాలులో ఖాళీ కనబడితే సాయంత్రానికల్లా సంచిలో పెంచిన మొక్క తెచ్చి నాటాలన్నది మా నర్సరీకి వారు నేర్పిన మొదటి పాఠం.

మునగ రైతులు వారిని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది.

"గింజ లోతుగా వేస్తే చెట్టు తుఫానుకి నిలబడుద్ది కదండీ మేడంగారూ?"

"నిలబడటానికి ముందు పైకి రావాలి కదండీ!"

మాటతో సరిపెట్టకుండా రెండు, నాలుగు, ఎనిమిది సెంటీమీటర్ల లోతుల్లో మూడు సాళ్లు వేయించారు. తొలకరికి ముందే ఫలితం రైతులకు చెప్పాలి. జూన్ ఆఖరుకి వారి పదవీ విరమణ. ఫలితం తప్పితే ఊళ్లకు ఊళ్లు గింజలు పాతిపెట్టి నష్టపోతాయి.

ఆ ఉదయం మేడం ఒక మొక్క మొదలు వేలితో తవ్వారు. పైన మా నల్లరేగడి. లోపల వేళ్ల చుట్టూ ఎర్రమట్టి ముద్ద. నర్సరీ సంచుల్లో మేం నింపే మట్టి!

"ఎవరో సంచి మొక్కలు తెచ్చి నాటారండీ," అన్నారు.

"ఎవరో కనుక్కుని మెమో ఇద్దామండీ," అన్నాను.

"మెమో ఇస్తే మొలకలొస్తాయా? గింజలు తెప్పించండి. రైతుకి అబద్ధం చెప్పి రిటైరవ్వలేను."

మూడు సాళ్లూ మళ్లీ వేశాం. రెండు సెంటీమీటర్లది చక్కగా లేచింది, నాలుగుది పలచగా వచ్చింది. ఎనిమిదిలో రెండు మూడు పాలిపోయిన మొలకలు తప్ప అంతా ఖాళీ. మేడం చప్పట్లు కొట్టారు. "చూశారా, ఎంత బాగా రాలేదో!" వానలకు ముందే ఆ ఫలితం రైతులకు చేరింది.

జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న నాగవేణి గారు మోకాళ్ల నొప్పి ఎరగకుండా, పెరటి మునగకాయలు మనవల చేత కోయిస్తూ, నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో ఉండాలని మా అందరి కోరిక.

ఈ వీడ్కోలు వ్యాసం అచ్చుకు పంపేముందు మా నర్సరీ మేస్త్రీ బసవపున్నయ్య గారు చదివించుకుని విన్నారు. "చివర్న నా మాట కూడా వెయ్యండి సార్," అన్నారు. అన్నది అన్నట్టే వేస్తున్నాను:

"అమ్మా, ఆ మొక్కలు నాటింది నేనే. మీరు పోయేముందు సాలు బోసిగా కనబడితే పెద్దాఫీసరు మీకు చేతగాలేదనుకుంటాడని భయపడ్డా. ఖాళీగా ఉండటమే మీక్కావాల్సిన జవాబని నాకు తెలవలా. మళ్లీ గింజలేశాక ఆ సాలు పక్కన పోవాల్సొచ్చినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని నడిచానమ్మా."