అరవై ఆరు కిలోలు

బత్తలపల్లె రోడ్డు పక్కన ఓబిలేష్ మెకానిక్ షెడ్డు, మిట్టమధ్యాహ్నం. రేసుకారు నడిపే జ్యోతి ధర్మవరం బస్సు దిగి వచ్చి, హెల్మెట్‌ను బెంచీ మీద పెట్టలేదు, విసిరికొట్టింది.

"ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎవురికన్నా? నేను అడిగినానా?"

"అడగలా. హెల్మెట్ పగిలిపోతాది, నిదానం."

"పగలనీ. ఎవురు అడిగినారో చెప్పు."

"కారే అడిగింది జ్యోతీ. ఇప్పుడు తొమ్మిదొందల హార్స్‌పవర్ అయింది. గేరు మార్చేకి నువ్వు క్లచ్ తొక్కినప్పుడల్లా టర్బో ఊపు పడిపోతాది. అది మళ్లా లేచేలోపల పక్కోడు గీత దాటేస్తాండాడు."

"నా కాలిదే తప్పంటావా? పదేండ్లు మా నాయన మగ్గం గుంతలో పలకలు తొక్కిన కాలు ఇది. నా మాదిరి క్లచ్ వదిలేటోడు జిల్లాలో ఉండాడా? పేరు చెప్పు."

"లేడు."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. ఆటోమేటిక్కే."

"అందులోనూ రెండే గేర్లంట! ఆటోకు కూడా నాలుగుంటాయి కదన్నా. రెండు గేర్లతో యాడికి పోతాము, సంతకా?"

"మనది తేలిక కారు, ఇంజిన్‌కు బలమెక్కువ. మూడు గేర్లది పెడితే చక్రాలు ఉన్నచోటనే తిరిగి పొగ లేస్తాది గాని కారు కదల్దు. రెండు గేర్లది గట్టిది, మార్చేదీ ఒక్కసారే. గీత కాడ బటన్ నొక్కి పట్టుకుంటే కారు కట్టేసినట్టు నిలబడతాది. ఎక్సలేటర్ అదిమిపెట్టు, లైటు పచ్చగవుతానే బటన్ వదులు. అంతే."

"అంతేనా? బటన్ వదిలేది ఎవురికి రాదు? మా అవ్వ ఓబమ్మకూ వస్తాది. సుమంత్‌కూ వస్తాది!"

"మధ్యలో సుమంత్ ఎందుకొచ్చె?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేం? కారు వానిది. పట్టుచీరల అంగడోళ్ల కొడుకు, ఆ సీట్లో కూర్చోవాలని మూడేండ్ల నుంచి చస్తాండాడు. క్లచ్ చేతగాక నన్ను పెట్టుకున్నాడు. ఇప్పుడు క్లచ్ పీకేస్తిరి. ఇంక నేనెందుకు, అద్దాలు తుడిచేకా?"

"తిక్క మాటలు మాట్లాడొద్దు."

"నాది తిక్కా? అయితే ఈ కాగితమేంది?"

"యాడ దొరికింది నీకు? ఇట్లియ్యి."

"నీ పనిముట్ల పెట్టె మీదే పడుండాది. ఏంది చెప్పు."

"ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ నడుమ కన్వర్టర్ అని ఒకటి ఉంటాది. కారు తూకం, నడిపే మనిషి తూకం చెప్తే గాని దాన్ని లెక్కగట్టి చెయ్యలేరు. ఆ కాగితం. ఇయ్యి."

"చదువుతా, విను. నడిపే మనిషి తూకం, అరవై ఆరు కిలోలు. నా తూకమెంతన్నా?"

"ఏమో, గుర్తులేదు."

"యాభై రెండు! ఈ కాటా మీదే నన్ను నిలబెట్టి రాసుకున్నావు. మరి ఈ అరవై ఆరు ఎవురు?"

"తప్పు పడిందిలే."

"వెంట్రుకమందం తేడా వేలితో తడిమి చెప్పేవాడివి, పద్నాలుగు కిలోలు తప్పు రాస్తావా? నోరారా అన్నా అని పిలిచినానే! కడుపులో కత్తులు పెట్టుకొని నాతో నవ్వుతాండావు. నీ తమ్ముడు శశి ఈ సీట్లో ఉన్నప్పుడూ ఇట్లే చేసినావా?"

"శశి పేరు ఎత్తొద్దు."

"ఎత్తుతా. నీ తమ్మునికైతే ఒక న్యాయం, నాకైతే..."

"ఎత్తొద్దంటే ఎత్తొద్దు!"

"కొడతావా? కొట్టు. సీటు లాక్కున్నోడివి, కొట్టేది ఒక లెక్కా నీకు."

"సీటు నీదేనే మొద్దూ!"

"మరి ఆ అరవై ఆరు?"

"కారు కిందికి వంగి చూడు. గేర్‌బాక్స్ చుట్టూ."

"ఏముండాది... ఇనుప తొడుగు. మొన్న లేదే ఇది."

"పొద్దున బిగించినా. పద్నాలుగు కిలోలు."

"ఎందుకన్నా?"

"శశి కారులో గేర్‌బాక్స్ పగిలినప్పుడు ముక్కలు నేల రేకు చీల్చుకొని పైకి లేచినాయి. వాని పాదం యాడ పడిందో వెతికి తెచ్చింది నేను. తొడుగు ఉంటే ఆగుండేవి. సుమంత్ వద్దన్నాడు. బరువన్నా, ఒక్కొక్క కిలో ఒక్కొక్క క్షణమన్నా అన్నాడు. నేను తలూపినా. నా తల పగల, తలూపినా జ్యోతీ! ఈసారీ వద్దనే అన్నాడు."

"నాకు చెప్పకూడదా?"

"నీకా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. అంగడికి పోయి నలుగురిలో వాన్ని దులిపేస్తావు. వాడు తొడుగూ పీకిస్తాడు, నిన్నూ పంపేస్తాడు. అందుకే ఆ పద్నాలుగూ కారు తూకంలో రాయకుండా నీ తూకంలో కలిపినా. రేసు కాడ కారునూ నిన్నూ కలిపే తూస్తారు, సరిపోతాది. వాడు రెండు నెలల నుంచి బెంగళూరు అంగట్లో ఉండాడు. నీ మొగమే చూడలా."

"ఫోన్ మోగుతాండాదన్నా నీది."

"సుమంతే. కాగితం ఫోటో వానికీ పంపినా. అరవై ఆరేందని అడిగేకే. ఇప్పుడేం చెప్పాల్రా దేవుడా..."

"ఇట్లియ్యి."

"వద్దు జ్యోతీ, నీకు దండం పెడతా, తిట్టొద్దు. పనంతా చెడిపోతాది..."

"హలో, సుమంతన్నా! ఆ అరవై ఆరు కిలోలూ నావే. తిని లావైనా. ఏం, లావైతే కారు నడపగూడదా?"