చామంతి అడిగిన రెండో అంకె

వరహాలమ్మని ఒక సోషల్ టీచరమ్మ అంట, మా మేనకోడలి ఊరి హైస్కూల్లో. చెప్పిన పాఠం పిల్లగుంటల బుర్రకెక్కకపోతే ఆవిడికి అన్నం సయించదు, అలాంటి మనిషనుకో. ఒకనాడు రాష్ట్రపతి ఎన్నిక పాఠం చెప్తందంట. రాష్ట్రపతంటే దేశానికి ప్రెసిడెంటర్రా అంటే, మరి మన ప్రెసిడెంటు సత్యంనాయుడు గారే కదా టీచర్ అన్నారంట గుంటలు. ఆళ్ల తప్పేటుంది, సర్పంచిని మనందరం ప్రెసిడెంటనే కదా పిలుస్తాం. కాదర్రా, ఆ పెద్ద ప్రెసిడెంటుకి మీ అమ్మా నాన్నా ఓటెయ్యరు, ఆళ్లు గెలిపించిన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఏస్తారు, జనం ఎక్కువున్న రాష్ట్రం ఎమ్మెల్యే ఓటుకి విలువెక్కువ, చీటీ మీద ఒకటి, రెండు, మూడు అని ఎవరంటే ఎక్కువిష్టమో ఆ వరసలో అంకెలెయ్యాలి అని చెప్పిందంట. ఒక్కడికీ ఎక్కలేదు.

ఏటైందంటే, సోమవారం కలెక్టరుగారు బడికొస్తారని కబురు. బడి తరఫున ఒకళ్లు మాటాడాలి. ఆ ఒకళ్లనీ రాష్ట్రపతి పద్ధతిలోనే ఎన్నుకుందాం అందంట టీచరమ్మ. తరగతికొక ప్రతినిధి, ఆళ్లదే ఓటు, తరగతిలో ఎంతమందుంటే ఆ ఓటుకంత విలువ. ఆరో తరగతి యాభై, ఏడు ముప్పై, ఎనిమిది ఇరవై, తొమ్మిది ముప్పై, పదో తరగతిలో పదిమందే. అంతా నూటనలభై. డెబ్బై దాటినోళ్లు గెలిచినట్టు. నిలబడ్డోళ్లు ముగ్గురు. ప్రెసిడెంటు గారబ్బాయి హరినాథు, బాగా పాటలు పాడే గుంపసామి, గెడ్డ వాగు అవతల గూడెం నుంచొచ్చే చామంతి. ఈ అమ్మి ఎందుకు నిలబడిందంటే, వానాకాలం ఆ గెడ్డ పొంగిందా, గూడెం పిల్లలకి నెల్లాళ్లు బడుండదు. ఆళ్లప్ప అలాగే చదువు మానేసింది. గెడ్డ మీద వంతెన అడగాలి, అది నానే అడగాలి అని పట్టుబట్టింది.

లెక్కెడితే హరినాథుకి ఆరోదీ పదోదీ కలిసి అరవై. చామంతికి ఏడోదీ ఎనిమిదోదీ యాభై. గుంపసామికి తొమ్మిదోది ముప్పై. డెబ్బై ఎవరూ దాటలేదు. అప్పుడు టీచరమ్మ, అందరికన్నా తక్కువొచ్చిన గుంపసామిని పక్కనెట్టి, ఆడికి ఒకటేసిన చీటీ మీద రెండో అంకె ఎవరికుందా అని చూసిందంట. చామంతికుంది. ఆ ముప్పై ఇటు కలిసి ఎనభై అయ్యింది. అమ్మి గెలిచింది.

మర్నాడు సత్యంనాయుడు బడికొచ్చేసాడు. "ఏటి టీచరమ్మా, ముందు ఎక్కువొచ్చినోడు ఓడిపోడమేటి?" అన్నాడు. ఆవిడికి లోపల బెరుకే, ఆయన తలుచుకుంటే బదిలీ చేయించగలడు. అయినా బోర్డు మీద రాసి చూపించింది. "మీ అబ్బాయంటే ఇష్టమున్నోళ్లు ఎక్కువే నాయుడుగారూ, కానీ సగం దాటలేదు. దాటేదాకా మిగిలినోళ్ల మనసు కూడా చూడాలి" అంది. ఆయన వింటేనా. అప్పుడు హరినాథే లేచాడంట. "నాన్నా, నాకెయ్యనోళ్ల దగ్గరికి నేను పోనేలేదు. చామంతి తొమ్మిదో తరగతోళ్ల దగ్గరికి పోయింది. మీ గుంపసామికే ఒకటెయ్యండి, రెండో అంకె నాకియ్యండి, మా గూడెం పిల్లలు బడికి రావాలి అని అడిగింది. నేనడగలేదు" అన్నాడు. నాయుడు కొడుకు మొహంకేసి చూసాడంట. తర్వాత "పద ఇంటికి" అని ఆడి భుజమ్మీద చెయ్యేసి తీసుకుపోయాడు.

సోమవారం చామంతి రాసుకొచ్చిన కాగితం మడిచేసి ఆళ్లప్ప పేరు చెప్పి మొదలెట్టిందంట. కలెక్టరుగారు కూర్చుని చివరిదాకా విన్నారు. రెండు వానలు పోయాక వంతెన పడింది.

వంతెన పడిన యేడే పంచాయతీ ఎన్నికలు. సత్యంనాయుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గూడెంలో ఇంటింటికీ తిరిగాడు. ఒక ముసల్ది, "ఒకటి మా వోడికెయ్యాల బాబూ, రెండోదైతే నీకే" అందంట. "ఈ ఓటుకి రెండోది లేదే అవ్వా" అన్నాడంట పాపం. గెలిచాడా అంటావా, ఓడిపోయాడు. గూడెం దారి మట్టుకు తెలిసింది.