దర్జీ అత్త వ్యానుకి ఎన్ని వోల్టులు?

"ఆ టీ తర్వాత తాగుదువుగానీ అత్తా, ముందు నా మాట విను. పన్నెండు వోల్టుల బ్యాటరీ చాలని ఈ మేస్త్రి ఇంకెవరికైనా చెప్పుకోమను, నీకు కాదు. నువ్వా పాత వ్యాను ఎందుకు కొన్నావు? ఊరూరా తిరుగుతూ అందులోనే బట్టలు కుట్టి, అందులోనే వండుకుని, అందులోనే పడుకోవడానికి. అంత సంసారాన్ని పన్నెండు వోల్టులు మోస్తాయా?"

టీ కొట్టులో ఎదురు బల్ల మీద కూచున్న వైరింగు మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. ఆ వ్యాను పని అతనికివ్వాలో నాకివ్వాలో దర్జీ అత్త ఇవాళ తేల్చేస్తుంది. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా నా అంతట నేనే కరెంటు పని పట్టుకున్నదాన్ని. ఇప్పటిదాకా నా చేతికొచ్చినవన్నీ ఇస్త్రీపెట్టెలూ మిక్సీలే, బండి ఒక్కటీ రాలేదు. ఆ సంగతి అత్తకి తెలిస్తే నా పని అయిపోయినట్టే.

"మా మావయ్య బండికి వైరింగు నేనేగా చేసింది! మొదట పన్నెండే పెట్టాను. నీళ్ల కెటిల్ వేయగానే వైరు చుర్రుమంది. ఎందుకూ? వోల్టులు తగ్గితే కరెంటు ఎక్కువ పారాలి, దానికి లావు వైరు కావాలి. సన్న గొట్టంలోంచి చెరువంతా తోడతానంటే గొట్టం ఊరుకుంటుందా?"

"ఆ మాట నిజమే," అన్నాడు మేస్త్రి.

అంతే, నాకు రెక్కలొచ్చాయి.

"విన్నావా అత్తా! ఇంకో బ్యాటరీ చేర్చి ఇరవై నాలుగు చేశాను. వైరు చల్లబడింది. ఎంత చల్లబడిందంటే, మావయ్య తడి తువ్వాలు దాని మీద ఆరేస్తే అప్పడంలా గడ్డకట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు చెప్పు, పాలు పొంగితే పొంగనీ," అన్నాడు టీ కొట్టు బాబాయ్.

"ఇంకో రెండు చేర్చి నలభై ఎనిమిది! ఇక లావు వైరుతో పనేముంది? నా జడలోంచి ఒక్క వెంట్రుక పీకి ఈ కొసా ఆ కొసా కట్టాను. ఫ్రిజ్జు గుర్రుమంటూ నడిచింది."

"వెంట్రుకలో కరెంటా?"

"నూనె రాసిన వెంట్రుక బాబాయ్, ఉత్తదనుకున్నావా? అంత సుఖం మరిగాక ఆగబుద్ధేస్తుందా! తొంభై ఆరు చేసి పైకప్పు ఫ్యాను వేశానో లేదో, బండి నేల వదిలేసింది. మావయ్య స్టీరింగు కరుచుకుని 'అమ్మాయ్, బ్రేకేదే' అంటాడు, గాల్లో బ్రేకెందుకు మావయ్యా అంటాను నేను. కింద ట్రాఫిక్ పోలీసు ఈల వేశాడు, మేం పైనించి ఈల వేశాం. ఊరుకున్నానా? నూట తొంభై రెండు! ఆ దెబ్బకి బండి నెత్తినున్న సోలార్ పలకలు ఎండని ఎంత పీల్చేశాయంటే, మిట్టమధ్యాహ్నం సూర్యుడు నీరసించి మబ్బు మీద కూలబడ్డాడు. పాపమనిపించి నేనే ఒక వైరు అందించి కాస్త చార్జింగు ఎక్కించాను. ఇవాళ ఇంత ఎండ కాస్తోందంటే ఎవరి పుణ్యమనుకుంటున్నారు!"

మేస్త్రికి పొలమారింది. బాబాయ్ పాలు నిజంగానే పొంగబెట్టేశాడు. అత్త మాత్రం నవ్వలేదు.

"ఒక్కో బ్యాటరీ ఎంత పొడుగుంటుందే?"

చేతులు చాపి చూపించాను. మెడలోని టేపు తీసి నా చేతుల మధ్య కొలిచింది.

"నువ్వు చెప్పిన నూట తొంభై రెండుకి పన్నెండు వోల్టులవి పదహారు కావాలి, అంతేగా?"

తలూపాను. అత్త వంగి, నేల మీద టేపు పరుచుకుంటూ, లెక్కపెట్టుకుంటూ, కొట్టు దాటి రోడ్డెక్కింది. అక్కణ్ణించే కేకేసింది.

"అమ్మాయ్! నీ బ్యాటరీలు ఇక్కడిదాకా వచ్చాయి. నా వ్యాను పొడుగు ఎప్పుడో అయిపోయింది. మరి నేనెక్కడ పడుకోవాలే?"

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

"ఇప్పుడు నిజం చెప్పు, నాకెంత కావాలి?" అంది, టేపు చుట్టుకుంటూ వచ్చి.

"పన్నెండు చాలత్తా," అన్నాను నేలచూపులు చూస్తూ. "లైటూ ఫ్యానూ నీళ్ల మోటారూ అన్నీ పన్నెండు వోల్టులవే దొరుకుతాయి. వ్యాను చిన్నది కదా, వైరు లావుది వేసి, ఎంత వీలైతే అంత పొట్టిగా లాగితే సరి."

అత్త మేస్త్రి వైపు చూసింది. అతను మీసం వదిలేసి ఔనని తలూపాడు.

"పన్నెండని ఆయనా అన్నాడు, ఏ వైరుతో ఎలాగో చెప్పింది నువ్వే. రేపు పొద్దున్నే వచ్చెయ్," అంది అత్త నాతో. "చేతులు తెచ్చుకో. నోరు మాత్రం ఇక్కడే బాబాయ్ దగ్గర వదిలేసి రా."